చేతులు పైకెత్తి చేసే పనుల్లో భుజాలకు ఆసరానిచ్చే పరికరాలు: తిరుపతి, చిత్తూరు జిల్లాల పనివారు, యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీసిటీ, రేణిగుంట, కరకంబాడి వైపు కర్మాగారాల్లో భద్రతా విభాగాలు చూసేవారూ, తిరుపతిలో ఇళ్లకూ లాడ్జీలకూ ఫాల్స్ సీలింగు, కరెంటు, పెయింటింగు పనులు ఒప్పుకునే మేస్త్రీలూ ఈ పరికరాల గురించి అడుగుతున్న ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. అమ్మేవారి మాటలకూ పని జరిగే చోట కనబడే వాస్తవానికీ తేడా ఉన్న చోట ఆ తేడాను దాచకుండా చెప్పాము.

ఈ పరికరం చూడడానికి ఎలా ఉంటుంది?

నడుముకు వెడల్పాటి బెల్టు, వీపు మీద బ్యాగులాంటి పట్టీలు, నడుము నుంచి భుజం దాకా ఇరువైపులా సన్నని కడ్డీలు, రెండు జబ్బలకు మెత్తని కట్లు ఉండే చట్రం ఇది. దీన్ని ఎక్సోస్కెలిటన్ అనీ, పొట్టిగా ఎక్సో అనీ పిలుస్తున్నారు. బరువు రకాన్ని బట్టి మారుతుంది. జర్మనీకి చెందిన ఓటోబాక్ సంస్థ చేసిన పేక్సో షోల్డర్ 1.9 కిలోలు, హ్యుందాయ్ 2019లో చూపించిన వెక్స్ 2.5 కిలోలు తూగుతాయి. వీటిలో మోటారు గానీ బ్యాటరీ గానీ ఉండవు. బ్యాటరీతో, గాలి ఒత్తిడితో పనిచేసే ఫెస్టూల్ ఎక్సోయాక్టివ్ లాంటివి కూడా వచ్చాయి కానీ, ఈ జవాబులన్నీ ప్రధానంగా మోటారు లేని రకాన్ని ఉద్దేశించినవే.

బ్యాటరీ లేకుండా చేతిని ఎలా ఎత్తుతుంది?

ఎత్తదు, మోస్తుంది. మీరు చేతిని కిందికి దించినప్పుడు మీ చేతి బరువే లోపలి స్ప్రింగును గానీ రబ్బరు తాళ్లను గానీ సాగదీస్తుంది, మళ్లీ చేయి పైకి వెళ్లినప్పుడు ఆ శక్తి జబ్బ కింద నుంచి పైకి నెడుతుంది. పూర్వం మన బావుల దగ్గర ఏతానికి వెనక కొసన బరువు కట్టి నీళ్లు తోడిన సూత్రమే ఇక్కడ స్ప్రింగు రూపంలో పనిచేస్తోంది. చేయి పక్కన వేలాడుతున్నప్పుడు సాయం దాదాపు ఉండకుండా, భుజం ఎత్తుకు వస్తున్నకొద్దీ పెరిగేలా స్ప్రింగు బలాన్ని మళ్లించే ఏర్పాటు కీలు దగ్గర ఉంటుంది. ఎంత సాయం కావాలో, ఏ ఎత్తు నుంచి మొదలవ్వాలో చాలా రకాల్లో సర్దుకోవచ్చు.

భుజం మోయవలసిన భారం మాయమైపోదు, కడ్డీల ద్వారా నడుము ఎముకల మీదికి దిగుతుంది. పరికరం గురించి అడగవలసిన ముఖ్యమైన ప్రశ్నలన్నీ ఈ ఒక్క విషయం నుంచే పుడతాయి: నడుము ఆ భారాన్ని మోయగలదా, బెల్టు సరైన చోట కూర్చుందా, పని చేసే మనిషి నిలబడిన తీరు ఏమిటి అని.

చేతిలో పెద్ద బరువేమీ లేకపోయినా జబ్బలు ఎందుకు లాగుతాయి?

చేయి కూడా బరువే కనుక. ఒక్కో చేయి మనిషి బరువులో సుమారు 5 శాతం ఉంటుంది కాబట్టి 60 కిలోల మనిషికి అది 3 కిలోలు. చేతిని ముందుకు చాపి భుజం ఎత్తున ఉంచితే ఆ బరువు భుజపు కీలుకు దాదాపు 30 సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తుంది, అంటే కిలోలను సెంటీమీటర్లతో గుణిస్తే లెక్కకు 90. అదే చేత్తో రెండున్నర కిలోల డ్రిల్లు మిషనును 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే అదనంగా 150 చేరి మొత్తం 240 అవుతుంది. మోచేతిని మడిచి ముంజేతిని నిలువుగా ఉంచి, అదే మిషనును భుజానికి 30 సెంటీమీటర్ల దూరంలోకి తెచ్చుకుంటే, మడిచిన చేతి బరువు కూడా భుజానికి దగ్గరగా జరుగుతుంది కనుక మొత్తం సుమారు 135కు పడిపోతుంది. ఏ పరికరమూ కొనకుండానే, కేవలం నిచ్చెన మీద ఒక మెట్టు పైకెక్కి పనికి దగ్గరగా జరగడం వల్ల ఇంత తేడా వస్తుందని గమనించండి.

బరువు లెక్క ఒక్కటే కాదు. చేయి 60 నుంచి 120 డిగ్రీల మధ్య ఎత్తులో ఉన్నప్పుడు భుజం పైనున్న ఎముక కొసకూ, చేతి ఎముక తలకూ మధ్య ఉండే సన్నని సందులో సుప్రాస్పైనాటస్ అనే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు నలుగుతుంది. పైగా కదలకుండా బిగబట్టి ఉంచిన కండరంలోకి రక్తం సరిగా పారదు. అందుకే పదిసార్లు బస్తా ఎత్తి దించినవాడి కన్నా, పావుగంట సేపు చేతులు పైకి పెట్టి పైపు క్లాంపులు బిగించినవాడికి భుజాలు ఎక్కువ పట్టేస్తాయి.

దీనివల్ల నిజంగా శ్రమ తగ్గుతుందా?

చేతులు పైన ఉన్నంతసేపు తగ్గుతుంది. భుజం మీది డెల్టాయిడ్ కండరం పనిచేసేటప్పుడు వెలువడే విద్యుత్ సంకేతాలను చర్మం మీద అతికించిన పలకలతో కొలిచి చేసిన ప్రయోగాల్లో ఈ తగ్గుదల మళ్లీ మళ్లీ కనబడింది. అయితే ఎంత శాతం అన్నది పనిని బట్టి, పరికరాన్ని బట్టి చాలా మారుతుంది కనుక, కరపత్రంలో వేసిన ఒక్క అంకెను పట్టుకుని నిర్ణయం తీసుకోకూడదు. ఆ అంకె సాధారణంగా ఆ పరికరానికి బాగా అనుకూలించే పనిలో కొలిచినదై ఉంటుంది.

కండరం అలసట తగ్గడం వేరు, ఐదేళ్ల తరువాత భుజం పాడవకుండా ఉండడం వేరు. మొదటిదానికి ఆధారాలు బలంగా ఉన్నాయి, రెండోదానికి ఏళ్ల తరబడి పనివారిని గమనించిన పరిశోధనలు ఇంకా తక్కువే. "ఇది వేసుకుంటే భుజం నొప్పి రాదు" అని ఎవరైనా హామీ ఇస్తే ఆ హామీని కాగితం మీద రాసివ్వమని అడగండి.

పెద్ద కంపెనీలు దీన్ని వాడుతున్నాయా?

వాడుతున్నాయి. ఫోర్డ్ కంపెనీ లెక్క ప్రకారం కారు అడుగున పనిచేసే కొందరు కార్మికులు రోజుకు 4,600 సార్ల వరకు చేతులు పైకెత్తుతారు. 2018లో ఆ సంస్థ ఏడు దేశాల్లోని 15 కర్మాగారాలకు 75 ఎక్సోవెస్టులను తెప్పించింది. ఎక్సో బయోనిక్స్ సంస్థ చేసిన ఆ చట్రం ఒక్కో చేతికి 5 నుంచి 15 పౌండ్ల దాకా, అంటే దాదాపు 2 నుంచి 7 కిలోల వరకు ఆసరా ఇస్తుందని ప్రకటించారు. నిర్మాణ రంగం కోసం హిల్టీ సంస్థ 2020లో ఎక్సో ఓ1 అనే రకాన్ని తెచ్చింది. అంత పెద్ద కంపెనీ 15 కర్మాగారాలకు తెప్పించినవి 75 మాత్రమే అన్నది కూడా చూడాలి. అందరికీ తొడిగే యూనిఫారం లాంటిది కాదు ఇది, కొన్ని స్థానాల్లో కొందరికి మాత్రమే పనికొచ్చేది.

మన ప్రాంతంలో ఏ పనులకు ఇది నప్పుతుంది?

ఒకే చోట నిలబడి, నేల చదునుగా ఉండి, షిఫ్టులో ఎక్కువసేపు చేతులు భుజం పైన ఉండే పనులకు. సత్యవేడు, శ్రీసిటీ వైపు ఉన్న వాహన తయారీ లైన్లలో బండి అడుగుభాగానికి బోల్టులు బిగించడం, వైర్ల కట్టలు అమర్చడం ఇందుకు సరైన ఉదాహరణలు. రైలు, మెట్రో పెట్టెల కింద గుంతలో నిలబడి చేసే మరమ్మతులు, పెట్టె లోపల పైకప్పు పలకలు బిగించడం కూడా ఈ కోవలోకే వస్తాయి. ఏసీ గొట్టాలు, ఫైరు పైపులు, కేబులు ట్రేలు శ్లాబుకు వేలాడదీసే బృందాల్లో రోజంతా డ్రిల్లింగే చేసే మనిషి ఒకరు ఉంటారు, ఆ ఒక్కరికీ ఇది ఉపయోగమే.

పెయింటర్ల విషయం మధ్యరకం. సీలింగుకు పుట్టీ పెట్టి ఉప్పుకాగితంతో రుద్దేటప్పుడు బాగా పనికొస్తుంది. అదే మనిషి గంటకోసారి కిందికి వంగి డబ్బాలో రంగు కలుపుకుంటూ, గోడ మొదలు దాకా రోలరు దించుతూ ఉంటే, చేతిని కిందికి దించిన ప్రతిసారీ స్ప్రింగుకు ఎదురుగా తోయవలసి వస్తుంది. ఆ తోపుడు చిన్నదే అయినా రోజంతా లెక్కవేస్తే చికాకు పుట్టిస్తుంది.

తోటాపురి కోతకు, పందిరి తోటలకు వాడవచ్చా?

మామిడి కోతకు వద్దనే మా అభిప్రాయం. దోటి పట్టుకున్నవాడు నిలకడగా ఒకచోట ఉండడు. దుక్కి నేల మీద నడుస్తాడు, కొమ్మల కిందకు దూరుతాడు, గంప ఎత్తుతాడు, ఒక్కోసారి చెట్టెక్కుతాడు. భుజాల వెనక పొడుచుకొచ్చిన కడ్డీలు కొమ్మల్లో చిక్కుకుంటే పడిపోయే ప్రమాదం ఉంది.

పందిరి సాగు వేరు. కాకర, బీర, దొండ పందిళ్ల కింద తీగలు సర్దేవారు, కాయలు కోసేవారు తల పైన చేతులు పెట్టి గంటల తరబడి నడుస్తుంటారు. జపాన్‌లో పందిరి ద్రాక్షతోటల పనివారి కోసం వ్యవసాయ యంత్రాలు చేసే కుబోటా సంస్థ రాకు వెస్ట్ అనే భుజాసరాను తయారుచేసింది. అయినా ఇక్కడ కూలి మీద వచ్చే మహిళలకు ఒక్కో చట్రం కొనిపెట్టడం కన్నా, కొత్త పందిరి వేసేటప్పుడే దాని ఎత్తును పనిచేసేవారి ఎత్తుకు తగ్గట్టు నిర్ణయించడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

కొనే ముందు చేయవలసినది ఏమైనా ఉందా?

ఉంది, ఈ పేజీలో మిగతా అన్నిటికన్నా ఇదే ముఖ్యం. ఫాల్స్ సీలింగు పనినే చూడండి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 12.5 మిల్లీమీటర్ల మందం ఉన్న జిప్సం బోర్డు 20 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. తిరుపతిలో ఏ కొత్త కట్టడంలోకి వెళ్లినా, ఒకరు స్టూలు మీద నిలబడి ఆ బోర్డును రెండు అరచేతులతో, నడినెత్తితో కలిపి ఫ్రేముకు అదిమి పట్టుకుని ఉంటే, రెండోవారు స్క్రూలు బిగిస్తుండడం కనబడుతుంది. మొదటి స్క్రూ జారిపోతే పట్టుకున్నవాడి మెడ ఇంకో నిమిషం అలాగే ఉండాలి. ఈ మనిషికి ఎక్సో తొడగడం తప్పు మందు. పైన అడ్డపట్టీ కొట్టిన టీ ఆకారపు కొయ్య ఊతలు రెండు, సీలింగు ఎత్తు కన్నా రెండు వేళ్లు పొడవుగా కోసుకుని బోర్డు కింద బిగిస్తే బరువంతా నేల మోస్తుంది. వడ్రంగి దగ్గర మిగిలిన చెక్కతో అవి తయారవుతాయి. పని ఎక్కువగా ఉన్న కాంట్రాక్టరు చక్రం తిప్పి బోర్డును పైకి లేపే స్టాండు కొనుక్కోవచ్చు.

ఇలాగే డ్రిల్లు మిషనుకు నిలువు స్టాండు, రోలరుకు పొడుగు కర్ర, బేల్దారులకు ఎత్తు సర్దుకునే పరంజా, వర్కుషాపులో బండిని తిప్పి పక్కకు వాల్చే ఏర్పాటు, ఇవన్నీ చేతులను ఛాతీకీ కళ్లకూ మధ్య ఎత్తులో ఉంచే మార్గాలు. వీటిని చేసి చూశాక కూడా చేతులు పైనే ఉండక తప్పని పని మిగిలితే, అప్పుడు ఆ మిగిలిన పనికి చట్రం కొనండి.

మెడ నొప్పికి, నడుము నొప్పికి, వేళ్ల తిమ్మిరికి ఇది పనిచేస్తుందా?

పనిచేయదు. పైకి చూస్తూ మెడ వెనక్కి వాల్చి ఉంచే భారాన్ని ఈ చట్రం తగ్గించదు. తల వెనక ఆనుకునే దిండు ఉన్న రకాలు కొన్ని ఉన్నాయి, అవి ఆ ఒక్క విషయంలో మేలు. డ్రిల్లు అదురు చేతివేళ్లకు ఎప్పటిలాగే తగులుతుంది. నడుముకైతే భారం తగ్గకపోగా కాస్త చేరుతుంది కాబట్టి, ముందే నడుము నొప్పి ఉన్నవారు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు.

సరిగా తొడుక్కోవడం ఎలా?

మొదటిసారి తెలిసినవారు దగ్గరుండి తొడగాలి. బెల్టు పొట్ట మీద కాకుండా నడుముకు ఇరువైపులా చేతికి తగిలే ఎముకల మీద కూర్చోవాలి. పొట్ట మీద కట్టుకుంటే మధ్యాహ్నం భోజనమయ్యాక వదులు చేయాలనిపిస్తుంది, వదులు చేస్తే చట్రమంతా కిందికి జారి భుజాల మీద వేలాడుతుంది. చట్రం కీలు మీ భుజపు కీలుకు సూటిగా ఉండాలి. జబ్బ కట్టు మోచేతికీ భుజానికీ నడిమధ్యన ఉండాలి. మోచేతికి దగ్గరగా జరిగితే అక్కడి నరం నొక్కుకుని చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంది.

సాయం ఎంత పెట్టుకోవాలో తెలుసుకోవడానికి ఉత్త చేతిని భుజం ఎత్తుకు చాపి కండరాలను వదులు చేయండి. చేయి నెమ్మదిగా కిందికి దిగాలి. దానంతట అది పైకి లేస్తుంటే సాయం ఎక్కువైందని అర్థం, మీరు రోజంతా చేతులు దించడానికి కష్టపడతారు. బరువైన పనిముట్టు పట్టుకునేవారు మాత్రం ఆ పనిముట్టుతోనే సరిచూసుకోవాలి.

మొదటి రోజే షిఫ్టంతా వేసుకోవద్దు. గంటసేపటితో మొదలుపెట్టి ఒకటి రెండు వారాల్లో పెంచుకుంటూ పోండి.

ఎత్తు మీద పనిచేసేటప్పుడు సేఫ్టీ బెల్టు బదులు ఇది చాలునా?

ముమ్మాటికీ చాలదు. ఇది పడిపోకుండా ఆపే పరికరం కాదు. ఎత్తులో పనిచేసేవారికి ఐఎస్ 3521 అనే భారతీయ ప్రమాణానికి సరిపోయే ఫుల్ బాడీ హార్నెస్ ఉండవలసిందే. చట్రాన్ని హార్నెస్ మీద వేసుకుంటే వెనక తాడు తగిలించే కొక్కెం దాని కింద నలిగిపోవచ్చు, హార్నెస్ కింద వేసుకుంటే పడిన క్షణంలో పట్టీలు బిగుసుకుని కడ్డీలు వీపులో గుచ్చుకోవచ్చు. రెండూ కలిపి వాడవచ్చని తయారీదారు రాతపూర్వకంగా చెప్పిన రకాన్నే ఎత్తు మీద వాడాలి.

కరెంటు పనివారు, వెల్డర్లు వేసుకోవచ్చా?

కరెంటు పారుతున్న లైన్ల దగ్గర వద్దు. చట్రంలో అల్యూమినియం, ఉక్కు, కొన్నింటిలో కార్బన్ ఫైబరు ఉంటాయి. కార్బన్ ఫైబరు ప్లాస్టిక్కులా కనబడినా కరెంటును పోనిస్తుంది. సరఫరా ఆపి, తాళం వేసి పైపులూ వైర్లూ లాగే పనికి అభ్యంతరం లేదు. తల పైన వెల్డింగు చేసేవారికి భుజాసరా ఎంతో అవసరమే, కానీ రవ్వలు పడితే గుడ్డ పట్టీలూ రబ్బరు తాళ్లూ కాలిపోతాయి కనుక తోలు జాకెట్టు చట్రం మీదుగా వచ్చేలా చూసుకోవాలి.

మన ఎండల్లో వేసుకోగలమా?

మే నెలలో తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల షెడ్డులో, గాలి ఆడని శ్లాబు కింద బెల్టు, వీపు పట్టీలు చెమటకు తడిసి చర్మాన్ని ఒరుస్తాయి. చల్లని దేశాల్లో పరీక్షించి బాగుందన్న పరికరం ఇక్కడ పదకొండు గంటలకే పక్కన పెట్టించవచ్చు. కాబట్టి కొనే ముందు కొన్నాళ్లు వాడి చూసే నమూనా వాడకాన్ని డిసెంబరులో కాకుండా వేసవిలో పెట్టండి. లోపల నూలు బనీను, గంటకోసారి విప్పి నీళ్లు తాగే విరామం తప్పనిసరి. మెత్తలు ఊడదీసి ఉతుక్కునే రకం కాకపోతే కొనవద్దు. ముగ్గురు షిఫ్టు మార్చి షిఫ్టు వాడే చోట ఎవరి మెత్తలు వారికి విడిగా ఉండాలి.

మహిళలకు సరిపోతుందా?

ఛాతీ మీదుగా అడ్డపట్టీ వచ్చే రకాలు చాలామంది మహిళలకు ఇబ్బందిగా ఉంటాయి. ఎలక్ట్రానిక్స్ కర్మాగారాల్లో ఎక్కువగా మహిళలే పనిచేస్తున్నారు కనుక, పట్టీలు పక్కల నుంచి వచ్చే రకాన్ని, చిన్న సైజు ఉన్నదాన్ని అడిగి తెప్పించాలి. చున్నీ, కొంగు కీళ్లలో చిక్కుకోకుండా పైన కోటు వేసుకోవాలి. తొడిగి సరిచేసే పని మరో మహిళ చేయాలి. ఇది పైకి చెప్పరు గానీ, పరికరం మూలన పడడానికి ఇది కూడా కారణం కావచ్చు.

ఇప్పటికే భుజం నొప్పి ఉంది. వేసుకుంటే తగ్గుతుందా?

ఇది చికిత్స కాదు. రాత్రి ఆ వైపు తిరిగి పడుకోలేకపోవడం, చొక్కా తొడుక్కోవడానికి చేయి వెనక్కి పోకపోవడం, చేయి ఎత్తితే మధ్యలో పట్టేయడం ఉంటే ముందు ఎముకల డాక్టరును చూడండి. తిరుపతిలో బర్డ్ ఆసుపత్రి, రుయా, స్విమ్స్ అందుబాటులో ఉన్నాయి. షుగరు ఉన్నవారిలో భుజం బిగుసుకుపోయే జబ్బు ఎక్కువగా వస్తుంది, దాన్ని పని వల్ల వచ్చిన నొప్పిగా పొరబడి నెలల తరబడి నూనె రాసుకుంటూ కూర్చునేవారు ఉన్నారు. ఈఎస్ఐ కార్డు ఉన్నవారు తమ పని ఎలాంటిదో, రోజుకు ఎంతసేపు చేతులు పైన ఉంటాయో డాక్టరుకు చెప్పి చీటీలో రాయించుకోవడం మంచిది.

వాడి వాడి మా కండరాలు బలహీనపడతాయా?

రోజులో కొన్ని గంటలు, చేతి బరువులో కొంత భాగాన్ని మాత్రమే అది మోస్తుంది, మిగతా కదలికలన్నీ మీవే. కనుక ఆ భయం పెద్దగా అక్కరలేదు.

యజమాని కొనివ్వాలని చట్టం ఉందా? ధర ఎంత?

ఫలానా పరికరం ఇవ్వాలని చట్టం చెప్పదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షను గాయపరిచేంత బరువు ఎత్తించకూడదని అనేది గానీ, చేతులు పైకెత్తి ఉంచే భంగిమ గురించి అందులో మాట లేదు. ధర మాత్రం చిన్నది కాదు. వెక్స్‌ను ప్రకటించినప్పుడు హ్యుందాయ్, అప్పటికి మార్కెట్లో ఉన్నవి 5,000 డాలర్ల దాకా ఉంటాయని, తమది దానికన్నా 30 శాతం తక్కువకు ఇవ్వగలమని చెప్పింది. అంటే దిగుమతి సుంకం కలపకముందే లక్షల మాట. రోజుకూలి మీద బతికే పెయింటరు తన డబ్బుతో కొనుక్కోవలసిన వస్తువు కాదని స్పష్టంగా చెబుతున్నాము.

పరికరం ఇచ్చి టార్గెట్ పెంచితే?

అలా జరిగితే కొన్న ప్రయోజనం పోయినట్టే. గంటకు నలభై బోల్టులు బిగించేవాడికి భుజాసరా ఇచ్చి అరవై బిగించమంటే, భుజానికి మిగిలిన ఊరట మణికట్టుకూ మెడకూ కొత్త భారమై తేలుతుంది. నమూనా వాడకం మొదలుపెట్టే ముందే టార్గెట్ మార్చబోమని సూపర్‌వైజరు నోటీసు బోర్డు మీద రాసిపెట్టాలి. విరామాలు తగ్గించకూడదు, వేసుకోవడం ఇష్టం లేనివారిని బలవంతపెట్టకూడదు.

నమూనా వాడకం ఎలా చేయాలి?

అమ్మేవారి దగ్గర నుంచి రెండు మూడు రకాలు తాత్కాలికంగా తెప్పించండి. ఎత్తులోనూ లావులోనూ తేడా ఉన్న ఐదారుగురిని ఎంచుకోండి, ఉత్సాహంగా ముందుకొచ్చినవారినే కాదు, నసిగేవారిని కూడా కలుపుకోండి. షిఫ్టు మొదట్లో, మధ్యలో, చివర్లో భుజం, మెడ, నడుముల అలసటను సున్నా నుంచి పది వరకు అంకెల్లో చెప్పమని అడిగి రాసుకోండి. చట్రం వేసుకున్న రోజులకూ వేసుకోని రోజులకూ విడిగా రాయండి. భుజం అంకె తగ్గి నడుము అంకె పెరిగితే బెల్టు తప్పుగా కట్టారు, లేదా ఆ రకం ఆ మనిషికి నప్పలేదు. మేనేజరు లేని చోట అడగండి, అప్పుడే నిజం వస్తుంది.

నిర్వహణకు ఏం చూసుకోవాలి?

రోజూ తొడుక్కునే ముందు రబ్బరు తాళ్ల చివరలు పీచులేచాయా, కీళ్ల దగ్గర మరలు వదులయ్యాయా, రెండు చేతుల సాయం సమానంగా ఉందా అని చూడాలి. సిమెంటు దుమ్ము, పుట్టీ పొడి కీళ్లలో చేరితే బ్రష్షుతో దులపాలి. నూనె వేయాలా వద్దా అన్నది తయారీదారు పుస్తకం చూసి తేల్చుకోవాలి, ఎందుకంటే నూనెకు పొడి అంటుకుని ముద్దకట్టే కీళ్లు కొన్ని ఉన్నాయి. స్ప్రింగు గూటిని సొంతంగా విప్పవద్దు, బిగువులో ఉన్న స్ప్రింగు ముఖానికి తగలవచ్చు. కొనేటప్పుడే తాళ్లు, మెత్తలు, మరలు చెన్నైలోనో బెంగుళూరులోనో దొరుకుతాయా, ఎన్ని రోజుల్లో తిరుపతికి చేరతాయో అడిగి బిల్లు మీద రాయించుకోండి.